ఆ వెబ్‌సైటు నాదే

ఏడేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. తూకం వేస్తే ఏమీ తూగదు, ఒక్క వరుస. అయినా బస్తా మోసేవాడు ఏదో ఒక మలుపులో దించుకుంటాడు, భుజం మార్చుకుంటాడు. దీన్ని దించే చోటు నాకు దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? ఆ రెంటికీ తేడా తెలియనివాడినేం కాదు. కానీ మొదటిదే చెప్పుకుంటూ వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. తెలిసినవాళ్లకు నేను నవ్వించేవాడిని. స్టాఫ్ రూములో నేను నోరు విప్పితే టీ గ్లాసులు ముందే కింద పెడతారు. అలాంటివాడు ఒకరోజు "నేనొక తప్పు చేశాను" అంటే మిగతావాళ్లు నవ్వడానికి సిద్ధపడతారు. ఒకసారి అన్నాను. సిద్ధపడ్డారు. పాపం, వాళ్లను నిరాశపరచడం దేనికని అప్పటికప్పుడు ఏదో కల్పించి నవ్వించేశాను.

ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని. డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెబుతాను. ఏటా ప్రాజెక్టుల కాలంలో ఒక పాఠం వస్తుంది: ఏ వెబ్‌సైటును నమ్మి రాయొచ్చు, దేన్ని నమ్మకూడదు. బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాస్తాను. రాసింది ఎవరు? ఎప్పుడు రాశారు? వాళ్లకెలా తెలుసు? అలా రాస్తే ఎవరికి లాభం? పిల్లలు బుద్ధిగా నోట్సులో ఎక్కించుకుంటారు. మూడో ప్రశ్న దగ్గర నా చెయ్యి కాస్త ఆగుతుంది. చాక్‌పీసు నాసిరకమని అనుకుంటారు.

ఆ ప్రశ్నలు నావి కావు. మా సార్‌వి.

రెండు వేల రెండులో నేను ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. ఖమ్మంలో ఇంటర్‌నెట్ సెంటర్లు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. ప్లైవుడ్ గదులు, కర్టెన్లు, లైను కలిసేదాకా కీచుమని మొత్తుకునే మోడెం. మేమంతా కంప్యూటర్లో కనిపించింది కాబట్టి నిజమే అనుకునే దశలో ఉన్నాం. మా సార్ ఒక్కరే అనుమానపడ్డారు. "పుస్తకం అచ్చు కావాల్నంటే ప్రెస్సోడన్న ఒకసారి చదువుతడు. దీనికి ఆ దిక్కు కూడ లేదురా" అనేవారు. ఆ నాలుగు ప్రశ్నలు మా చేత కంఠతా పట్టించారు. ఐదో మాట కూడా చెప్పేవారు: ఒక్క చోట ఉన్నది నమ్మకు, రెండో చోట సరిచూసుకో.

మంచి పాఠం. దొంగకు తాళాలు చేసే విద్య నేర్పితే ఎంత మంచిగా ఉంటుందో నా విషయంలో అంత మంచిగా పనికొచ్చింది.

నాకు ఇచ్చిన ప్రాజెక్టు భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెం చరిత్ర. గూడెం పేరు రాయను. ఇదివరకు రాసి చేసినంత చేశాను. మాది ముదిగొండ వైపు. వరి, మిర్చి, పత్తి తెలుసు. అడవి అంటే మా దగ్గర నాలుగు తుమ్మచెట్లు ఒకచోట కనపడటమే. ఆగస్టులో ఒకరోజు బస్సు, ఆ తర్వాత జీపు పట్టుకుని వెళ్లాను. జీపు దించిన చోట ఒక టీ కొట్టు. కొట్టు వెనక వాగు. వాగు అవతల గూడెం. మొత్తం నా పరిశోధన ఆ టీ కొట్టు బల్ల మీద జరిగింది.

అక్కడ జోగయ్య తాత కనిపించాడు. వెదురు బుట్టలు అమ్ముకోవడానికి రోడ్డు మీదికి వచ్చాడు. సన్నటి మనిషి. మాట్లాడే ముందు ఒక్క క్షణం ఎదుటివాడి మొహం చూసేవాడు. మీ ఊరు ఎప్పటిదని అడిగాను.

"గిట్ల బల్ల మీద కూసోని చెప్పేది కాదు సారూ" అన్నాడు. "వాగవతల మా పెద్దోళ్ల రాళ్లున్నయి. ఒక్కో మనిషి సచ్చిపోతె ఒక్కో రాయి నిలబెడతం. రాయి మీద చెయ్యేసి పేరు చెప్పాలె. ఊకె నోటితోటి చెప్తె గాలికి పోతది."

వాగు వైపు చూశాను. ఎర్రగా పారుతోంది.

"మోకాళ్ల దాకనే" అన్నాడు తాత. "నేను చెయ్యి పట్టుకుంట, రా."

తిరుగు జీపు మూడింటికి. ప్యాంటు కొత్తది. రేపొస్తానని చెప్పాను. రానని నాకప్పుడే తెలుసు. నేను రానని తాతకు తెలుసా? ఈ ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా తెలిసింది.

తాత వాగు దాటి వెళ్లిపోయాక బల్లకు అటు చివర కూర్చున్న మనిషి మాట కలిపాడు. కలప, తునికాకు కాంట్రాక్టులు చేసేవాడు. "గీళ్ల చరిత్ర రాస్తున్నవా? గీళ్లు మొన్న మొన్న బార్డరు అవతలికెంచి దిగిన్రు. రాళ్లదేముంది, రాళ్లు యాడలేవు?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వించేవాళ్లంటే నాకు మొదటి నుంచీ గౌరవం. గూడెం ఖాళీ అయితే ఆ కాంట్రాక్టరుకు ఏం కలిసొస్తుందని అడగలేదు. కొత్త ప్యాంటు తడవకుండా ఖమ్మం చేరాను.

కానీ ప్రాజెక్టులో "టీ కొట్టు దగ్గర ఒకాయన అన్నాడు" అని రాస్తే సార్ విసిరి కొడతారు. ఆధారం కావాలి. లేదు. అప్పుడు చేశాను.

ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చే చోటు ఒకటి ఉండేది. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక వెబ్‌సైటు కట్టాను. భద్రాచలం ప్రాంత గిరిజన చరిత్రకు సమాచార కేంద్రమట. తెలుగు అక్షరాలు అప్పట్లో వేరే కంప్యూటర్లో డబ్బాల్లాగా కనిపించేవి కాబట్టి ఇంగ్లిషులో రాశాను. ఇంగ్లిషులో ఉంటే అబద్ధానికి కూడా ఇస్త్రీ చేసినట్టుంటుంది. సార్ నాలుగు ప్రశ్నలనూ పక్కన పెట్టుకుని ఒక్కోదానికి జవాబు తయారుచేశాను. ఎవరు రాశారు? రిటైర్డు అధికారి ఒకాయన. ఆయనను నేనే పుట్టించి, నేనే రిటైర్ చేశాను. ఎప్పుడు? కింద తేదీ వేశాను. ఎలా తెలుసు? ముప్ఫై ఏళ్ల క్షేత్ర అనుభవం. ఎవరికి లాభం? ఎవరికీ లేదు, సేవ. ముగ్గురు సలహాదారులను కూడా పెట్టాను, ఒకరికి డాక్టరేటు ఇచ్చాను. వచ్చినవాళ్ల సంఖ్య చూపే అంకెల డబ్బా ఒకటి అడుగున పెట్టి, నేనే పదే పదే తెరిచి దాన్ని గౌరవనీయమైన సంఖ్య దాకా తోశాను.

అందులో ఆ వాక్యం రాశాను. ఫలానా గూడెం వాసులు ఇటీవలే సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ స్థిరపడినట్టు తెలుస్తోంది. ఎవరికి తెలుస్తోంది? నాకైతే తెలియలేదు. అయినా రాశాను.

సార్ ప్రింటు తెప్పించుకుని కళ్లజోడు పైకెత్తి చదివారు. స్టాఫ్ రూములో ఆయన ముందు నిలబడ్డాను.

"ఎవరాయన?"

"రిటైర్డ్ ఆఫీసర్ అంట సార్."

"నువ్వు గూడెం పోయినవా?"

"పోయిన సార్."

"ముసలోళ్లను అడిగినవా?"

"అడిగిన సార్."

అంతవరకు నిజమే. చూడండి, అబద్ధాలాడేవాడు నిజాలను ఎంత జాగ్రత్తగా వాడుకుంటాడో.

"ఏమన్నరు?"

"ఇదే అన్నరు సార్."

ఆ మూడు మాటలతో నేను కట్టిన వాక్యాన్ని తీసుకెళ్లి జోగయ్య తాత నోట్లో పెట్టాను. గూడెం ముసలాయన సొంతంగా చెప్పాడని, పేరు లేకుండా, ప్రాజెక్టులోనూ ఎక్కించాను. వెబ్‌సైటు ఒక ఆధారం. ముసలాయన మాట రెండో ఆధారం. రెండు చోట్ల సరిపోయింది. సార్ సంతోషించారు. ఫస్ట్ క్లాసు వచ్చింది. అంతటితో ఆగితే ఇదొక కాలేజీ తుంటరితనం. తర్వాతి ఏడాది నుంచి సార్ ఆ ప్రింటునే క్లాసులో చూపించడం మొదలుపెట్టారు, నమ్మదగిన వెబ్‌సైటు ఎలా ఉంటుందో చెప్పడానికి. జూనియర్లు తమ ప్రాజెక్టుల్లో ఎత్తి రాసుకున్నారు. వాళ్లను చూసి ఎవరో ఒక చిన్న పుస్తకంలో వేశారు. పుస్తకం చూసి ఇంకో వెబ్‌సైటువాళ్లు పెట్టుకున్నారు. ఒకాయన మరిన్ని వివరాలు కావాలని సమాచార కేంద్రానికి ఈమెయిలు పంపాడు. రిటైర్డు అధికారి హుందాగా ధన్యవాదాలు చెప్పాడు.

నాకు భయం వేయలేదా? వేయలేదు. నవ్వొచ్చింది. ఇది కూడా ఒప్పుకోవాలి. రెండేళ్లు దాన్ని మనసులోనే చెప్పుకుని నవ్వుకున్నాను, నేను చేసిన అన్నింటిలో గొప్ప జోకని.

తర్వాత అడవి భూముల చట్టం వచ్చింది. తరాలుగా పోడు దున్నుకుంటున్న గిరిజనులు అర్జీ పెట్టుకుంటే విచారించి హక్కు పత్రం ఇస్తారు. మొన్న మొన్న సరిహద్దు దాటి వచ్చారని తేలితే ఇవ్వరు. అర్జీలు గుట్టలుగా వచ్చాయి. వేసవిలో మాలాంటి లెక్చరర్లకు జీతం ఉండదు. ఆ అర్జీలు ఎక్కించడానికి కంప్యూటర్ ఆపరేటర్లు కావాలంటే చేరాను. రెండు వేల ఎనిమిది. వాళ్లు నన్ను ఎటు పంపారో మీరు ఊహించే ఉంటారు. నేను మాత్రం జీపు దిగేదాకా ఊహించలేదు. లేదా ఊహించనట్టు కూర్చున్నాను.

విచారణ రోడ్డు పక్కన బడి వరండాలో పెట్టారు. ఒక మూల నా కంప్యూటరు, ప్రింటరు. విచారించే ఆఫీసరు చెడ్డవాడు కాదు. అది రాయాలి. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. గూడెంవాళ్లందరి తరఫున జోగయ్య తాత లేచి నిలబడ్డాడు. ఇంకా సన్నబడ్డాడు.

"పెద్దాయనా, మీరు ఇక్కడ ఎప్పటి నుంచి ఉన్నరు?" అని ఆఫీసరు అడిగాడు.

"మా తాతల తాతల కాంచి."

"కాయితమేమన్న ఉందా?"

"రాళ్లున్నయి సారూ. వాగవతలకు రాండ్రి. ముట్టుకోని చెప్త."

ఆఫీసరు ఫైలు తిప్పాడు. అందులో నుంచి నా పేజీ ప్రింటు బయటికొచ్చింది. అడుగున అంకెల డబ్బా కూడా అచ్చయింది.

"ఇందుల వేరే రాసి ఉంది, పెద్దాయనా. ఇంటర్‌నెట్ల ఉంది, కాలేజీ ప్రాజెక్టులల్ల ఉంది, పుస్తకంల ఉంది. మీ గూడెం ముసలాయనే సొంతంగ చెప్పిండని కూడ ఉంది. ఇన్ని చోట్ల ఒకటే ఉంటె నేనేం చెయ్యాలె?"

"ఎవలు ఆ ముసలాయన?"

పేరు లేదు. నేను రాయలేదు.

తాత చుట్టూ చూశాడు. చూపు నా దాకా వచ్చి ఆగింది. మాట్లాడే ముందు మొహం చూసే అలవాటు కదా, చూశాడు. చెయ్యెత్తి నా వైపు చూపించాడు.

"గీ సారు వచ్చిండు అప్పట్ల. గీ సారును అడుగుండ్రి. రాళ్ల కాడికి తోల్కపోతనంటె, వాగున్నది తెల్లారి వస్తనన్నడు. తెల్లారొచ్చి నేను పొద్దుగూకె దాక టీ కొట్టు కాడనే కూసున్న. మాయి రాళ్లున్నయని గీ సారుకు ఎరికే. ఏం సారూ, చెప్పు."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మీకు తెలుసా ఈయన?"

ఎంతసేపు పట్టింది నాకు? ఏడాదిగా ఆ సమయాన్ని కొలుస్తున్నాను. ఒక్కోసారి చాలాసేపు పట్టినట్టుంటుంది, అంటే నాలో ఎవరో ఒకడు తన్నుకులాడాడన్నమాట. ఒక్కోసారి వెంటనే అన్నట్టుంటుంది. వెంటనే అన్నాననే ఎక్కువ నమ్మకం. ఎం.ఏ. పట్టా, పార్ట్‌టైమ్ ఉద్యోగం, మా సార్ దగ్గర పేరు, అన్నీ ఆ ఒక్క ప్రింటు మీద నిలబడి ఉన్నాయి.

"గుర్తులేదు సార్" అన్నాను.

తాత కోప్పడలేదు. అదే నన్ను వదలనిది. నా వైపే చూసి, తల ఆడించి, నన్ను వెనకేసుకొచ్చాడు.

"అవ్. గుర్తుండదు. శాన మంది వస్తరు, పోతరు."

గూడెంవాళ్ల క్లెయిము తిరస్కరించడమైనదని ఆ సాయంత్రం కాగితం తయారైంది. టైపు చేసింది నేనే. అక్షరదోషాలు లేవు. ప్రింటరు దాన్ని వరుస వరుసగా బయటికి నెడుతుంటే ఆ చప్పుడు విన్నాను. ఇప్పటికీ కాలేజీ ఆఫీసులో హాల్‌టికెట్లు ప్రింటవుతుంటే నేను బయటికి వెళ్లి నిలబడతాను. సిగరెట్ అలవాటైందని అనుకుంటున్నారు. అనుకోనిచ్చాను.

వారం తిరగకముందే ఖమ్మం వచ్చి ఆ వెబ్‌సైటు చెరిపేశాను. పాస్‌వర్డు గుర్తుంది, నాకు అవసరమైనవి గుర్తుంటాయి. చెరిపేస్తే తప్పు పోతుందనుకున్నానా? లేదు. తప్పు నాదని చూపే గుర్తు పోతుందనుకున్నాను. పోయింది. ఎత్తి రాసుకున్నవాళ్ల దగ్గర మాత్రం వాక్యం భద్రంగా ఉంది. ఇప్పుడు దాన్ని కాదనడానికి నేను కూడా ఏమీ చూపించలేను.

ఆ వానాకాలంలో పోడులో విత్తనం పడలేదట. అటవీశాఖవాళ్లు హద్దు కందకం తవ్వి యూకలిప్టస్ మొక్కలు నాటారు. చలికాలంలో జోగయ్య తాత చనిపోయాడు. అటు వెళ్లే జీపు డ్రైవరును వేరేవాళ్ల గురించి అడుగుతున్నట్టు అడిగి తెలుసుకున్నాను. వయసు అయిపోయింది సార్ అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు బతికాను. ఆ తర్వాత క్లాసులో మాట్లాడుతూ మాట్లాడుతూ, వెనక బెంచీలో ఎవరైనా సందేహం అడగడానికి చెయ్యెత్తితే, నాకు మాట పోవడం మొదలైంది. చెయ్యెత్తొద్దు, లేచి అడగండని రూలు పెట్టాను. పిల్లలకు అది క్రమశిక్షణలా కనిపించింది.

మా సార్ రిటైరై మధిరలో ఉంటున్నారు. దసరాకు ఫోన్ చేస్తాను. "నీ ప్రాజెక్టు లెక్క మళ్ల ఒక్కటి రాలేదురా" అంటారు. అవును సార్ అంటాను.

మొన్న శుక్రవారం క్లాసు అయ్యాక సునీత అనే అమ్మాయి ఆగింది. రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది, ఎక్కువ మాట్లాడదు. ప్రాజెక్టు కాగితాలు చేతిలో ఉన్నాయి.

"సార్, మా గూడెం గురించే రాస్తున్న. మా అమ్మవాళ్లు భూమికి మళ్ల అర్జీ పెడుతున్రు, దానికి ఇది కూడ జత చేస్తం. గని ఒక డౌటు. మేము మొన్న మొన్న వచ్చినమని పుస్తకాలల్ల, నెట్ల మూడు చోట్ల ఉంది. మా అమ్మ కాదంటది. మా తాత సచ్చిపోయె దాక కాదన్నడు. మీరేమో ఒక్క చోటుది నమ్మొద్దు, రెండో చోట సరిచూడాలె అన్నరు. మరి మూడు చోట్లుంటె ఏది రాయాలె సార్?"

గూడెం పేరు అడగలేదు. కాగితం మీదనే ఉంది. తాత పేరు కూడా ఉంది.

"మీ అమ్మ చెప్పిందే రాయి" అన్నాను.

"మార్కులు తీసేస్తరు కద సార్, ఆధారం లేకుంటె." కొంచెం నవ్వింది కూడా. "మీరే తీసేస్తరు."

నిజమే. నేనే తీసేస్తాను.

అక్కడే కూర్చున్నాను, పిల్లల బెంచీ మీద. మూడు చోట్లా ఉన్నది ఒకటే వాక్యమని, దాన్ని పుట్టించింది నేనేనని చెప్పాను. తను నవ్వు మొహంతోనే ఆగింది, మిగతా జోకు వస్తుందని. రాలేదు. అప్పుడు ఆమె కాగితాల్లోంచే ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని అర పేజీ రాశాను. వెబ్‌సైటు నేను కట్టానని, అందులోని అధికారి లేడని, ముసలాయన అలా అనలేదని, ఆయన రాళ్లు చూపిస్తానంటే నేను వెళ్లలేదని, విచారణలో ఆయన నన్ను చూపించి అడిగితే గుర్తులేదన్నానని. కింద నా పేరు, ఉద్యోగం, సంతకం. ఎక్కడ చూపించినా వచ్చి ఇదే మాట చెబుతానని కూడా రాశాను. దాంతో అర్జీకి బలం వస్తుందో రాదో తెలియదు. చెరిపేసిన పేజీకి నా మాట తప్ప సాక్ష్యం లేదు, నా మాట ఎంత గట్టిదో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. అర్జీ వచ్చే నెలలో పెడతారు, ఆ కాగితం బయటికొచ్చాక నా ఉద్యోగం సంగతి తేలుతుంది.

ఇక్కడ నా పేరు రాయడం లేదు. ఆమె దగ్గర ఉంది, ఉండాల్సిన చోట. ఆ అర పేజీలో పట్టనిది మీకు రాశాను.

సునీత ఆ కాగితాన్ని నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. మడవలేదు. ఒక్కటే అడిగింది.

"మా తాత మిమ్మల్ని అడిగిన రోజు మీకు నిజంగ గుర్తులేదా సార్?"

"గుర్తుంది" అన్నాను.